చల్లబడని రాత్రి, పలకరించే గడప

వృద్ధాప్యంలో ఒంటరిగా కాపురం ఉండడం జబ్బు కాదు, శాపం అంతకన్నా కాదు. తిండి, నిద్ర, మందులు, నడక సరిగా అమర్చుకుని తమ ఇంట్లో తాముగా ఏళ్ల తరబడి నిబ్బరంగా బతుకుతున్న పెద్దలు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. అయితే ఆ నిబ్బరం చివరిదాకా నిలవాలంటే ఈ అమరికలతో పాటు, ఆ ఇంటి తలుపు ఈ ఉదయం తెరుచుకుందా లేదా అని గమనించే మరో మనిషి కూడా ఉండాలి. ఈ అవసరం మామూలు రోజుల్లో బయటపడదు కాబట్టి చాలామంది దానిని మర్యాదకో ఆప్యాయతకో సంబంధించిన విషయంగానే భావిస్తారు. అది ప్రాణాలకు సంబంధించినదని తీవ్రమైన వేడిమి వంటి విపత్తులు పదేపదే నిరూపించాయి.

ఒమాన్ రాజధాని మస్కట్‌కు ఆగ్నేయంగా సముద్రతీరాన ఉన్న ఖురియాత్, చేపల వేటకు పేరుపడిన పాత రేవు పట్టణం. ఒకవైపు ఒమాన్ సింధుశాఖ, మరోవైపు హజర్ పర్వతశ్రేణి ఉన్న ఈ పట్టణంలో 2018 జూన్ 26న ఇరవై నాలుగు గంటలపాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు ఒక్కసారైనా రాలేదు. ప్రపంచంలో అప్పటివరకు నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతలలో ఇదే అత్యధికమని వాతావరణ నిపుణులు గుర్తించారు. పగటి వేడి ఎంత ఉన్నా రాత్రి చల్లబడితే శరీరం కొంత సేదతీరుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది, నిద్ర పడుతుంది. రాత్రి కూడా చల్లబడకపోతే ఆ విశ్రాంతి దొరకదు. వయసు మళ్లినవారిని వేడిగాలులలో ఎక్కువగా దెబ్బతీసేది ఇటువంటి రాత్రులే.

ఈ విషయం తెలుగువారికి దూరపు సంగతి కాదు. గోదావరి జిల్లాల నుంచి, కడప, నెల్లూరు ప్రాంతాల నుంచి, ఉత్తర తెలంగాణలోని నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ నుంచి పనికోసం గల్ఫ్ దేశాలకు, వాటిలో భాగంగా ఒమాన్‌కు వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వెళ్లినవారి తల్లిదండ్రులు ఇక్కడి ఇళ్లలో ఒంటరిగా మిగులుతుండగా, ప్రైవేటు రంగంలో అరవై ఏళ్లు దాటిన విదేశీయులకు ఉన్న వయోపరిమితిని ఒమాన్ 2022 జనవరిలో తొలగించడంతో, అక్కడి బ్యాచిలర్ గదుల్లోనే వృద్ధాప్యంలోకి అడుగుపెట్టేవారికి కూడా దారి తెరుచుకుంది. అందువల్ల ఒంటరి వృద్ధాప్యం అనే ప్రశ్న ఈ కుటుంబాలకు సముద్రానికి రెండువైపులా ఎదురవుతుంది.

ఒంటరి నివాసం వేరు, ఒంటరితనం వేరు

ఈ రెండు మాటలను వేరుగా అర్థం చేసుకోవడం మొదటి మెట్టు. ఒకే ఇంట్లో ఒక్కరే ఉండడం ఒంటరి నివాసం. కోరుకున్నంత ఆత్మీయత దొరకడం లేదనే బాధ ఒంటరితనం. నలుగురు కొడుకులు, కోడళ్లు ఉన్న ఇంట్లో మూలగదిలో పడి ఉన్న ముసలమ్మకు ఒంటరితనం ఉండవచ్చు, మేడ మీద గదిలో ఒక్కతే ఉంటూ ఉదయం గుడికీ సాయంత్రం భజనకూ వెళ్లివచ్చే మరో ముసలమ్మకు అది లేకపోవచ్చు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీశారు: జీవిత భాగస్వామి వంటి అతి దగ్గరి మనిషి లేని లోటు ఒకటి, నలుగురితో కలిసి తిరిగే బృందం లేని లోటు మరొకటి. ఒకదానికి పనికివచ్చే మందు రెండోదానికి పనికిరాదు. భర్తను కోల్పోయిన స్త్రీకి ఇరుగుపొరుగు ఎంత కలివిడిగా ఉన్నా మొదటి లోటు వెంటనే తీరదు, రోజూ ఫోన్ చేసే కొడుకు ఉన్నా ఊరిలో పలకరించేవారు లేకపోతే రెండో లోటు మిగిలే ఉంటుంది. కాబట్టి పెద్దలకు సాయం చేయదలచినవారు ముందుగా ఏ లోటు ఉన్నదో తెలుసుకోవాలి.

ఒంటరితనం మనసుకే పరిమితమైన బాధ కాదని వైద్యశాస్త్రం అంగీకరించింది. దీర్ఘకాలం సాగే ఒంటరితనం గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, కుంగుబాటు, మతిమరుపు వంటి సమస్యల అవకాశాన్ని పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక బంధాల కమిషన్ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనానికి లోనవుతున్నారు, ఏటా సుమారు 8.71 లక్షల మరణాలకు దానితో సంబంధం ఉంది. 2011 జనాభా లెక్కల నాటికే భారతదేశంలో అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు, 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువారే అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. పురుషుల కంటే స్త్రీల ఆయుర్దాయం ఎక్కువ, పెళ్లినాటికి భార్య వయసు తక్కువ కావడం వాడుక. ఈ రెండు కారణాల వల్ల చివరికి ఒంటరిగా మిగిలేవారిలో వితంతువులైన తల్లులే అధికం.

వేడిమి చెప్పిన సత్యం

1995 జులైలో అమెరికాలోని షికాగో నగరాన్ని వేడిగాలులు కొన్ని రోజులు కమ్మినప్పుడు మామూలు కంటే 700 మందికి పైగా అధికంగా మరణించారు. ఎవరు మరణించారు, ఎవరు బతికారు అని వైద్య పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి పోల్చిచూసినప్పుడు, ఒంటరిగా ఉండడం, మంచానికి పరిమితం కావడం మరణాపాయాన్ని పెంచాయనీ, ఇంట్లో ఏసీ ఉండడం, చుట్టుపక్కల స్నేహితులు ఉండడం కాపాడాయనీ తేలింది. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త 2002లో వెలువరించిన గ్రంథంలో పక్కపక్కనే ఉన్న రెండు పేద వాడలను పరిశీలించారు. నార్త్ లాన్‌డేల్‌లో మరణాల రేటు సౌత్ లాన్‌డేల్ కంటే దాదాపు పది రెట్లు ఉంది. మొదటి వాడలో దుకాణాలు మూతపడి, వీధులు నిర్మానుష్యమై, పెద్దలు భయంతో తలుపులు వేసుకున్నారు. రెండో వాడలో వీధులు సందడిగా ఉండడం వల్ల పెద్దలు బయటకు వచ్చి చల్లని దుకాణాల్లో కూర్చోగలిగారు, రానివారి కోసం ఎవరో ఒకరు వెతికారు.

2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దాదాపు 15,000 మంది వేడికి బలయ్యారు, వారిలో అత్యధికులు డెబ్బై అయిదేళ్లు దాటినవారు. ఆ దెబ్బతో ఆ దేశం మరుసటి ఏడాదే చట్టం తెచ్చి, ఒంటరిగా ఉండే వృద్ధుల, వికలాంగుల పేర్లను కోరుకున్నవారి మేరకు నమోదు చేసుకునే బాధ్యతను పురపాలక సంఘాలకు అప్పగించింది. వేడి హెచ్చరిక వెలువడగానే ఆ జాబితాలోని వారికి ఫోన్ చేసి, ఎత్తకపోతే ఇంటికి మనిషిని పంపుతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన తెలుగునేలకూ ఈ పాఠం వర్తిస్తుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలో కలిపి 1,500 మందికి పైగా వడదెబ్బతో మరణించారు.

వృద్ధుల శరీరం వేడికి ఎందుకు త్వరగా లొంగిపోతుందో తెలిస్తే జాగ్రత్తలు సులువవుతాయి. వయసుతో చెమట పట్టే శక్తి తగ్గుతుంది, దాహం తెలియడం మందగిస్తుంది, మూత్రపిండాలు నీటిని దాచుకోలేకపోతాయి. రక్తపోటుకు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా మూత్రాన్ని ఎక్కువ చేసేవి, ఒంట్లో నీటిని మరింత తగ్గిస్తాయి. అందువల్ల దాహం వేసినప్పుడు తాగుదామని ఎదురుచూడకుండా గడియారం చూసుకుని గంటకొకసారి నీళ్లు, పలచని మజ్జిగ, రాగిజావ, గంజి వంటివి తీసుకోవాలి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తాగాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి, మందులను మాత్రం సొంతంగా మానకూడదు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి శరీరాన్ని చల్లార్చడానికి బదులు వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది; అప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడం, చల్లని చోటికి మారడం మేలు. ఏసీ ఉన్నవారు 27 డిగ్రీల వద్ద ఉంచి ఫ్యాను కలిపి వేసుకుంటే కరెంటు బిల్లు భయం లేకుండా చల్లదనం దొరుకుతుంది. మాట తడబడడం, మగతగా ఉండడం, ఒళ్లు కాలిపోవడం వడదెబ్బ లక్షణాలు కాబట్టి, వెంటనే ఇక్కడైతే 108కి, ఒమాన్‌లోనైతే 9999కి ఫోన్ చేయాలి. మగతలో ఉన్న మనిషి తానుగా ఫోన్ చేయలేడు. ఆ పని చేయడానికి రెండో మనిషి ఉండాలి.

ఒంటి సత్తువ, పళ్లెంలో కూడు

ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడం దండగ అనుకోవడం ఒంటరి ఇళ్లలో మొదలయ్యే తొలి నిర్లక్ష్యం. పచ్చడి మెతుకులు, టీ, బిస్కెట్లు పూటలను నెట్టుకొస్తాయి గాని కండను నిలబెట్టవు. వయసుతో కండలు సన్నబడి బలం తగ్గడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. కుర్చీలోంచి లేవలేకపోవడం, తడబడి పడిపోవడం, సంచి మోయలేకపోవడం దాని ఆనవాళ్లు. దీనిని అడ్డుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు శరీర బరువులో కిలోకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల వరకు మాంసకృత్తులు కావాలని పోషకాహార నిపుణులు సూచిస్తున్నారు. అంటే 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాములు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి లెక్క వేరు. ఒక కోడిగుడ్డులో సుమారు ఆరు గ్రాములు, గ్లాసు పాలలో దాదాపు అంతే, వంద గ్రాముల చేపలో సుమారు ఇరవై గ్రాములు, అంతే బరువున్న ఎండు కందిపప్పులో అంతకంటే కొంచెం ఎక్కువ ఉంటాయి. ఉదయం పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, ఆకుకూర, పెరుగు, రాత్రి గుడ్డో శనగలో ఉంటే ఈ లెక్కకు చాలావరకు చేరువవుతుంది. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు మించకూడదు కాబట్టి ఊరగాయలు, అప్పడాలు, వడియాలు నంజుకోవడానికే పరిమితం కావాలి. శాకాహారులలోను, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోను బీ12 విటమిన్ లోపం తరచుగా కనిపిస్తుంది. దాని వల్ల వచ్చే తిమ్మిర్లు, మతిమరుపు వయసు ప్రభావమని పొరబడి వదిలేయకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి.

కండకు తిండి ఎంత ముఖ్యమో పని అంత ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు అరవై అయిదేళ్లు దాటినవారికి వారంలో 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక వంటి వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు, మూడు రోజులు శరీర సమతుల్యతను నిలుపుకునే అభ్యాసం చేయాలని చెప్పాయి. చేతులతో పట్టుకోకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ దగ్గర నిలబడి ఒంటికాలి మీద కాసేపు నిలవడం, మెట్లు నెమ్మదిగా ఎక్కి దిగడం వంటివి ఖర్చు లేనివి, ఇంట్లోనే చేసుకోదగినవి.

జారిపడిన తరువాత గడిచే గంటలు

వృద్ధులను ఆసుపత్రి పాలు చేసే ప్రమాదాలలో జారిపడడం ముఖ్యమైనది. ప్రపంచవ్యాప్తంగా పడిపోవడం వల్ల ఏటా సుమారు 6.84 లక్షల మంది మరణిస్తున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒంటరిగా ఉన్నవారి విషయంలో ఎముక విరగడం ఎంత ప్రమాదమో, లేవలేక నేల మీదే గంటల తరబడి పడి ఉండడం అంత ప్రమాదం; ఒత్తిడికి కండరాలు చితికి, వాటి వ్యర్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, చర్మం పుండు పడుతుంది, నీరు అందక స్పృహ తప్పుతుంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తొంభై దాటినవారిపై జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, సాయం కోసం నొక్కే మీట ఉన్నవారిలో కూడా ఎక్కువమంది ఒంటరిగా పడినప్పుడు దానిని వాడలేదని బయటపడింది. యంత్రం ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు.

కాబట్టి పడకుండా చూసుకోవడం ముందు జాగ్రత్త. స్నానాలగదిలో జారని పట్టా, గోడకు పట్టుకునే కడ్డీ, మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం, చేతికందే ఎత్తులో సామాను, మడత పడని చాప ఉండాలి. నిద్రలేచిన వెంటనే నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి గనుక కాసేపు మంచం అంచున కూర్చుని లేవాలి. నిద్రమాత్రలు శరీర సమతుల్యతను చెడగొడతాయి, కాబట్టి వాటిని వైద్యుని సలహా లేకుండా కొనసాగించకూడదు. చూపు, వినికిడి పరీక్షలను వాయిదా వేయకూడదు. వినికిడి లోపాన్ని సరిచేయకపోవడం మతిమరుపుకు దారితీసే కారణాలలో ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం చెప్పింది, పైగా మాట వినపడని మనిషి క్రమంగా మాటల నుంచే తప్పుకుంటాడు.

ముగ్గు చెప్పే కబురు

జపానులో జొజిరూషి అనే సంస్థ 2001లో వేడినీళ్ల ఫ్లాస్కుకు ఒక సంకేత పరికరం అమర్చింది. టీ కోసం పెద్దవారు దాని మీట ఎప్పుడెప్పుడు నొక్కారో ఆ సమాచారం దూరాన ఉన్న బిడ్డకు చేరుతుంది. నొక్కకపోతే ఏదో తేడా ఉన్నదని తెలుస్తుంది. ఒంటరిగా చనిపోయి ఎవరికీ తెలియకుండా ఉండిపోవడానికి కొదొకుషి అనే ప్రత్యేక పదమే పుట్టిన ఆ దేశంలో ఇది సహజమైన ఆలోచన.

తెలుగు వీధుల్లో ఆ ఫ్లాస్కు చేసే పని అనాదిగా ముగ్గు చేస్తోంది. తెల్లవారి వాకిలి ఊడ్చి ముగ్గు పడిందంటే ఆ ఇంట్లో మనిషి లేచిందని వీధికంతటికీ తెలుస్తుంది; పాలప్యాకెట్టు గుమ్మంలోనే ఉండిపోతే, దినపత్రిక మెట్టు మీద పడి ఉంటే, తులసికోట దగ్గర దీపం లేకపోతే ఎవరో ఒకరు తలుపు తట్టాలి. ఈ అలవాటును ఇప్పుడు మాట చెప్పుకుని ఒప్పందంగా మార్చుకోవలసిన అవసరం వచ్చింది: ఎనిమిది గంటలకల్లా ఫలానా గుర్తు కనిపించకపోతే ఫలానావారు వచ్చి చూడాలి, ఒక తాళంచెవి వారి దగ్గర ఉండాలి, బిడ్డల ఫోను నంబర్లు, వాడే మందుల చీటీ, రక్తం గ్రూపు తలుపు వెనక అతికించి ఉండాలి. అపార్టుమెంట్లలో ముగ్గు లేని చోట ఈ బాధ్యతను వాచ్‌మన్ గాని, ఎదురింటివారు గాని తీసుకోవచ్చు.

విదేశంలో ఉన్న పిల్లలు వీలైనప్పుడు ఫోన్ చేయడం కన్నా వేళ పెట్టుకుని చేయడం మేలు. ఒమాన్ సమయం భారత సమయం కంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ ఉదయం ఐదున్నరకు పనికి బయలుదేరేవాడు చేసే ఫోను ఇక్కడ ఏడు గంటలకు తల్లికి చేరుతుంది. రెండు నిమిషాల మాట అయినా రోజూ అదే వేళకు వస్తే తల్లి దానికోసం తయారై కూర్చుంటుంది, ఎత్తకపోతే వెంటనే పొరుగువారిని పంపించవచ్చు. అయితే ఫోను పొరుగుకు బదులు కాదు. వేల కిలోమీటర్ల దూరంలోని కొడుకు గొంతు వినగలడే గాని తలుపు తట్టలేడు. అక్కడి గదిలో ఒంటరిగా ఉండే అరవై దాటిన కార్మికుడికీ ఇదే ఏర్పాటు కావాలి. సాటి గదివాడు, మేస్త్రి, తెలిసిన తెలుగు కుటుంబం ఎవరో ఒకరు అతని రోజును గమనించాలి.

మనసుకు చోటు

ఒమాన్ ఊళ్లలో సబ్లా అనే ఉమ్మడి కూర్చునే చోటు ఉంటుంది. యాలకులు వేసిన కాఫీ, ఖర్జూరాల మధ్య పెద్దలు అక్కడ చేరి మంచిచెడ్డలు మాట్లాడుకుంటారు, వివాహాలకూ విషాదాలకూ అదే వేదిక. తెలుగువారి రచ్చబండ, వీధి అరుగు, గుడి మండపం చేసిన పనీ అదే. ఇళ్లకు అరుగులు పోయి ప్రహరీ గోడలు వచ్చినప్పుడు పెద్దలు కోల్పోయినది ఏ పనీ లేకపోయినా నలుగురి మధ్య ఉండగలిగే హక్కు. దానిని తిరిగి నిలబెట్టడం ఖరీదైన పని కాదు. గ్రంథాలయంలో ఉదయం గంట, సాయంత్రం భజన, ఉద్యానవనంలో నడక మిత్రులు, స్వయం సహాయక సంఘం సమావేశం వంటివి అందుకు దారులు.

మనిషికి పలకరింపు ఎంత అవసరమో, తాను ఒకరికి పనికివస్తున్నానన్న తృప్తి అంత అవసరం. పొరుగు పిల్లలకు ఎక్కాలు నేర్పడం, కుండీలలో ఆకుకూరలు పెంచి పంచడం, పిండివంటలు నేర్పడం, ఊరి చరిత్ర చెప్పడం వంటి పనులు పెద్దలను సాయం పొందేవారి స్థానం నుంచి సాయం చేసేవారి స్థానానికి మారుస్తాయి. తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, కారణం దొరకని ఒంటినొప్పులు, ఇష్టమైన పనుల మీద విరక్తి రెండు వారాలకు మించి ఉంటే అది వృద్ధాప్యం కాదు, చికిత్సకు లొంగే కుంగుబాటు కావచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉచిత మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

చట్టం, సర్కారు సాయం

ఒమాన్ 2023లో తెచ్చిన సామాజిక రక్షణ చట్టం ప్రకారం అరవై దాటిన ఆ దేశ పౌరులకు నెలకు 115 రియాళ్ల భత్యం 2024 జనవరి నుంచి అందుతోంది. వలస కార్మికులకు అది వర్తించదు గనుక వారి వృద్ధాప్యానికి స్వదేశంలోని పొదుపే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. సచివాలయ సిబ్బంది దానిని ఇంటికే తెచ్చి ఇవ్వడం వల్ల నెలకొకసారి ఆ గుమ్మంలో ఒక ప్రభుత్వ మనిషి నిలబడతారు. డబ్బుతో పాటు ఆరోగ్యం కూడా విచారించగలిగితే ఆ రాక విలువ రెట్టింపవుతుంది. డెబ్బై దాటినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ భారత్ విస్తరణ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. పెద్దల సమస్యలన్నిటికీ జాతీయ సహాయ నంబరు 14567.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషించని పిల్లల నుంచి భృతి కోరుతూ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే హక్కు దాని వల్ల కలిగింది. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయించుకునే అవకాశాన్ని 23వ సెక్షను ఇచ్చింది, అందుకు ఆ షరతును దస్తావేజులోనే రాయించడం మంచిది. ఈ చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనా నియమావళిలో అంతగా ప్రచారంలో లేని మరో ముఖ్యమైన మాట ఉంది: ప్రతి పోలీసు స్టేషను తన పరిధిలోని వృద్ధుల, ముఖ్యంగా ఒంటరిగా ఉన్నవారి జాబితా ఉంచుకోవాలనీ, నెలకొకసారైనా పోలీసు ప్రతినిధి, సామాజిక కార్యకర్త కలిసి వారిని చూసిరావాలనీ అది చెబుతుంది. ఫ్రాన్స్ 15,000 ప్రాణాలు పోయాక నేర్చుకున్న పద్ధతికి దగ్గరి ఆలోచన ఇక్కడ కాగితం మీద ఇప్పటికే ఉంది. దానిని వీధుల్లోకి తేవలసిన బాధ్యత అధికారులతో పాటు ఇరుగుపొరుగుకూ ఉంది.

ఖురియాత్‌లో ఆ జూన్ రాత్రిని చల్లబరచడం ఎవరి చేతిలోనూ లేదు, రానున్న వేసవులు మరింత వేడిగా ఉంటాయని వాతావరణ శాస్త్రం చెబుతోంది. ఒంటరిగా ఉన్న పెద్దవారు తమ తిండి, నీరు, నడక, మందులు తామే చూసుకోగలరు, చూసుకోవాలి కూడా. స్పృహ తప్పిన క్షణాన తలుపు తట్టే పని మాత్రం పక్కింటివారిది. ప్రతి వీధిలోనూ వచ్చే రోహిణి కార్తెకు ముందే ఒంటరి పెద్దల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క పేరు ఎదుట ఉదయం ఆ వాకిట ముగ్గు పడిందో లేదో చూసే మరో పేరు రాసుకుంటే, ఆ కాగితమే ఆ వీధికి మొదటి వైద్యం అవుతుంది.